సమస్య: “కొడుకుఁ బిలిచిన పిలుపె వైకుంఠ మిచ్చె”

నిర్వాహకుడు: ఇచ్చిన ఈ పాదం చివర వచ్చేలా మిగిలిన మూడు పాదాలు వ్రాసి పద్యాన్ని పూరించాలి. పాదం తేటగీతి అనే ఛందస్సులోనిది. మగబిడ్డకు ‘నారాయణ’ అని పేరు పెట్టే ఆచారాన్ని దృష్టిలో ఉంచుకొని ఇచ్చాను. అవసానకాలంలో యమభటులను చూసి భయపడి, ‘నారాయణా’ అని కొడుకును పిలిచి తరించిన అజామిళుని కథ అందరికీ తెలిసినదే కనుక, కథను తిరిగి చెప్పడంకన్నా, కన్నవారు ఆ పేరును ఎందుకు కోరుకొంటారో పద్యంలో పలికించవలసిందిగా మనవి.

మొదటి పూరణ:
పాశహస్తులఁ గని పొంది ప్రాణభీతి
కన్యకుబ్జాన నవసానకాలమందు
నాల్క తడబడ నారాయణా యని తన
కొడుకుఁ బిలిచిన పిలుపె వైకుంఠ మిచ్చె

విమర్శకుడు: మీరు కథనే చెప్పినా, 88 ఏళ్ల వృద్ధుడు పదిమంది కొడుకులలో కడగొట్టువాణ్ణి పిలిచిన ఘట్టం మూడు పాదాలలో ఇమిడింది. అజామిళుని పేరు లేకపోయినా కన్యకుబ్జం ఆ లోటు తీర్చింది. మూడవ పాదంలో భగవన్నామం సరిగ్గా ‘ణా’ దగ్గర విరిగి, ‘నాల్క’లోని ‘నా’తో యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ కుదరవలసిన అక్షరసామ్యం) కుదరడం నాకెంతో నచ్చింది. ‘కన్యకుబ్జాన’ మాత్రం వాడుక రూపం. ‘కన్యకుబ్జమం దవసాన’ అంటే గణభంగం (ఛందస్సుకు తగిన అక్షరాల కూర్పు చెడడం) లేకుండా సరిపోతుంది.

రెండవ పూరణ:
పళ్లెరమునందు బియ్యంపుఁ బఱపుమీఁద
నుంగరముఁ బట్టి వ్రాసిన యొక్కపేర
నిత్యమునుఁ దల్లి వాకిట నిలిచి తనదు
కొడుకుఁ బిలిచిన పిలుపె వైకుంఠ మిచ్చె

విమర్శకుడు: బారసాలనాటి పళ్లెం, బియ్యం, బంగారు ఉంగరం కళ్లకు కట్టాయి. అడిగినదానికి దగ్గరగా వచ్చినది ఈ పూరణే. అయితే ‘ఒక్కపేర’ అన్నారే గాని అది ఏ పేరో చెప్పలేదు. వేరొకరిని ఉద్దేశించి పలికినా, పరిహాసానికి పలికినా హరినామం పాపాన్ని హరిస్తుందని విష్ణుదూతలు యమభటులతో వాదించినది ఆ నామాన్ని పట్టుకొనే కదా! రెండవ పాదాన్ని ‘నుంగరముఁ బట్టి శౌరిపే రొప్ప వ్రాసి’ అని మార్చండి; శౌరి అంటే విష్ణువే.

రెండవ పూరణకర్త: సవరణ శిరోధార్యం. మా ఇంట్లో పేరు ఖాయం చేసేటప్పుడు, మగపిల్లవాడి పేరులో రెండో నాలుగో అక్షరాలుండాలన్న గృహ్యసూత్ర నియమాన్ని పురోహితుడు గుర్తుచేశారు; ‘నారాయణ’కు నాలుగూ సరిపోయాయి. తీరా ఇప్పుడు అందరూ ‘నాని’ అనే పిలుస్తున్నారు, ఆ పిలుపుకు ఫలమెంతో మరి!

మూడవ పూరణ:
నారములు నీళ్లు, నీళ్లలో నడుమ నుండు
వాఁడు నారాయణుం డని వసుధలోన
నర్థ మెఱుఁగక యైనను నార్తి మీఱి
కొడుకుఁ బిలిచిన పిలుపె వైకుంఠ మిచ్చె

విమర్శకుడు: మనుస్మృతి చెప్పిన వ్యుత్పత్తిని, అంటే నారములనే జలాలు అయనంగా, నివాసంగా కలవాడన్న అర్థాన్ని, శ్రమ తెలియనీయకుండా చెప్పారు. ‘వసుధలోన’ యతికోసం వచ్చిన వ్యర్థపదం. ఇక నా ఆక్షేపణ నిర్వాహకులవారి పాదంమీదనే. భాగవతం షష్ఠస్కంధంలో ఆ పిలుపు యమభటులను మరల్చిందే గాని వెంటనే వైకుంఠం ఇవ్వలేదు. అజామిళుడు బ్రతికి, పశ్చాత్తాపపడి, గంగాద్వారానికి (హరిద్వారానికి) వెళ్లి యోగనిష్ఠలో మనసును హరియందు నిలిపిన తరువాతనే విమానమెక్కాడు. ‘వైకుంఠపథము’ అంటే గణాలూ యతీ చెడవు, కథకూ న్యాయం జరుగుతుంది.

నిర్వాహకుడు: ఆక్షేపణ న్యాయమైనదే. కానీ ‘పథము’ అన్నామంటే పాదంలోని మెలిక విడిపోయి పూరించవలసినదేమీ మిగలదు కనుక, పాదాన్ని ఇచ్చినది ఇచ్చినట్లే ఉంచుతున్నాను. గంగాద్వారాన్ని కూడా ఇమిడ్చి ఎవరైనా నాలుగవ పూరణ పంపితే చదవాలని ఉంది.