హాలు మధ్యలో బీమ్ కనిపించకూడదంటే హిడెన్ బీమ్ సరిపోతుందా?

కొత్తిల్లు_ఏలూరు:
మా హాలు 20 అడుగుల పొడవు, 16 అడుగుల వెడల్పు. స్లాబు మందం 5 అంగుళాలు. ఇంజనీరు గారు వెడల్పు వైపున మధ్యలో 15 అంగుళాల బీమ్ గీశారు. అంటే స్లాబు కింద 10 అంగుళాలు వేలాడుతుంది. దూలం కింద కూర్చోకూడదని అమ్మ పట్టు. స్లాబు మందంలోనే దాగిపోయే హిడెన్ బీమ్ పెట్టి ఇనుము కాస్త ఎక్కువ వేస్తే చాలని మేస్త్రీ అంటున్నారు. సోమవారం సెంట్రింగ్ మొదలు. ఏం చేయమంటారు?

తూకంగుండు:
నిక్షేపంగా వేసుకోండి. 22 ఏళ్లుగా స్లాబులు పోయిస్తున్నాను. 16 ఎంఎం కడ్డీలు కింద నాలుగు, పైన నాలుగు, రింగులు దగ్గరగా. ఇలాంటివి ముప్పైకి పైనే వేయించాను. ఒక్కటీ కూలలేదు.

లెక్కప్రకారం:
కూలడం గురించి ఎవరడిగారు? కుంగడం గురించి మాట్లాడండి. బీమ్ లోతు మూడో వంతుకు తగ్గితే, వెడల్పు అంతే ఉంచితే, వంగకుండా నిలిచే దాని బిగువు 27వ వంతుకు పడిపోతుంది. వెడల్పు మూడింతలు చేసినా తొమ్మిదో వంతే. ఇనుము పెంచితే ఆ లోటు తీరదు. స్లాబుతో పాటే కుంగేదాన్ని ఆధారం అని ఎలా అంటాం? 16 అడుగులంటే దాదాపు 4,900 మి.మీ. రెండు చివరలా ఆనిన బీమ్‌కు పొడవు, లోతుల మూల నిష్పత్తి, కాంక్రీటు కట్టడాల భారత ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, గరిష్ఠంగా 20. ఇనుమును బట్టి దాన్ని కొంత సవరిస్తాం. 5 అంగుళాల స్లాబులో కడ్డీ దాకా లోతు 100 మి.మీ. అనుకున్నా ఇక్కడ 49 వస్తోంది.

తూకంగుండు:
మీ 27 నాకు తెలియదు. ఒక్కటీ కూలలేదన్నాను.

మద్రాసుమిద్దె:
మా తాతగారి ఇంట్లో టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి సున్నంతో కట్టిన మిద్దె. ఆ దూలాల కిందే మూడు తరాలు పడుకున్నాం. ఏ దోషమూ తగల్లేదు.

రెండో_అంతస్తు:
పెద్ద మాల్స్‌లో బీములు కనిపించవు కదా, అవెలా నిలబడ్డాయి?

లెక్కప్రకారం:
అవి చాలావరకు ఫ్లాట్ స్లాబులు, అంటే బీములు లేకుండా నేరుగా పిల్లర్ల మీదే ఆనేవి. మందం ఎక్కువ. పిల్లరు దగ్గర ఇంకా మందంగా పోస్తారు, లేకపోతే పిల్లరు స్లాబును పొడుచుకుని పైకి వచ్చేస్తుంది. బీమ్ వద్దే వద్దంటే నాలుగు వైపులా ఆనే స్లాబుగా లెక్క కట్టించి మందం పెంచండి. పునాది మీద బరువు పెరుగుతుంది, అదీ చూడాలి.

బందరురోడ్డు:
మా ఇంట్లో హిడెన్ బీమ్ మీద పడకగది గోడ కట్టారు. రెండేళ్లకు గోడలో ఏటవాలు పగులు. తలుపు పట్టేస్తోంది. మేస్త్రీ ప్లాస్టరు పగులే అన్నాడు. మూడుసార్లు పుట్టీ పెట్టించాను, మూడుసార్లూ మళ్లీ వచ్చింది.

తూకంగుండు:
క్యూరింగ్ ఎన్నాళ్లు చేశారు?

బందరురోడ్డు:
21 రోజులు. నీళ్లు నేనే పోశాను.

లెక్కప్రకారం:
దీనికి క్యూరింగ్ సాకు దేనికి? తెలియని విషయం చెప్పకండి.

తూకంగుండు:
తెలియనిదా? మీరు గీసిన ఇళ్లలో స్లాబు పోసే రోజున ఎన్నింటికి వెళ్లారు? ఒక ఇంట్లో డ్రాయింగులో ఉన్న బీమ్ ఉన్నట్టే పోశాను. పిల్లరు దగ్గర కడ్డీలు ఎంత ఇరుకంటే కంకర దిగలేదు. ఇంజనీరుకు ఫోను చేస్తే డ్రాయింగు ప్రకారం వెయ్యమన్నారు. సెంట్రింగ్ విప్పాక చూస్తే తేనెపట్టులా గుల్ల. ఇంటాయన నా చివరి బిల్లు ఆపేశాడు. ఇంజనీరు ఫీజు అప్పటికే ముట్టింది. ఆ రోజు నుంచి ఇంటివాళ్లు ఏది అడిగితే అదే వేస్తున్నాను.

లెక్కప్రకారం:
అంటే అడిగింది వేస్తే తప్పు అడిగినవాళ్లదవుతుంది, అంతేనా? స్లాబు రోజున రమ్మని పిలిచి దారి ఖర్చులు ఇచ్చినవాళ్లు నాకు ఇద్దరే తగిలారు. ఆ మాటా చెప్పండి.

కొత్తిల్లు_ఏలూరు:
అయ్యా, ఇద్దరూ కాస్త ఆగండి. ఒక సంగతి రాయడం మరిచాను. పైన వంటగది గోడ సరిగ్గా ఆ బీమ్ మీదకే వస్తుంది.

లెక్కప్రకారం:
మొదటే చెప్పాల్సిన మాట కదండీ అది!

తూకంగుండు:
గోడ నాలుగున్నర అంగుళాలా, తొమ్మిదా?

కొత్తిల్లు_ఏలూరు:
తొమ్మిది.

తూకంగుండు:
సోమవారం సెంట్రింగ్ ఆపించండి.