చలికి మొండికేస్తున్న 1970 ఎంజీబీ, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. నేనుండేది ఇంగ్లండ్‌లో, కవెంట్రీలో. నా దగ్గర 1970 ఎంజీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఉంది, 1798 సీసీ ఇంజిన్, రెండు ఎస్‌యూ హెచ్‌ఎస్4 కార్బురేటర్లు. ఎండాకాలమంతా చెప్పినట్టు విన్నది, ఇప్పుడు పొద్దున్నే రెండు మూడు డిగ్రీల చలిలో చోక్ పూర్తిగా లాగి తాళం తిప్పితే ఇంజిన్ తిరుగుతుందే తప్ప అంటుకోదు, పది పదిహేను సార్లు సతాయించాక దగ్గుతూ రెండు సిలిండర్ల మీద లేచి, ఒక నిమిషం కొట్టుకుని అప్పుడు సర్దుకుంటుంది. వేడెక్కాక మాత్రం ఒక్క తిప్పుకే స్టార్ట్.

డిస్ట్రిబ్యూటర్‌లో స్పార్క్ కోసం కరెంటు తెంచే పాయింట్లు కొత్తవి వేసి గ్యాప్ 0.38 మిల్లీమీటర్లు పెట్టాను. ప్లగ్గులూ కొత్తవే. సీట్ల వెనకున్న రెండు 6 వోల్టుల బ్యాటరీల టెర్మినళ్లు గీకి శుభ్రం చేశా (అక్కడ చెయ్యి దూర్చడమే ఒక శిక్ష). ఇగ్నిషన్ వేయగానే పెట్రోల్ పంపు కాసేపు టిక్ టిక్ అని ఆగిపోతోంది, కాబట్టి కార్బురేటర్ల ఫ్లోట్ గిన్నెలు (పెట్రోల్ నిలిచేవి) నిండుతున్నట్టే.

అసలు అనుమానం ఇది. చోక్ లాగితే ముందు కార్బురేటర్ జెట్ (పెట్రోల్ వచ్చే సన్న గొట్టం) బాగానే కిందికి దిగుతోంది, వెనకది సగంలో ఆగుతోంది. స్టార్ట్ కానప్పుడు విప్పి చూస్తే ముందు రెండు ప్లగ్గులు తడిగా, వెనక రెండూ పొడిగా ఉన్నాయి. రెండింటినీ కలిపే లింకేజ్ వదులైందా, లేక జెట్టే బేరింగ్‌లో పట్టేసిందా? కార్బురేటర్లు దించకుండా తేల్చుకునే దారి ఉందా? జెట్ బేరింగ్ కదిపితే సూది సరిగ్గా జెట్ నడిమధ్యలో దిగేలా మళ్లీ సెంటర్ చేయాలట, ఆ పని ఎప్పుడూ చేయలేదు, నా టెన్షనంతా అదే.