కుడవడం, కతకడం, నెమరువేయడం: ఏ నోటికి ఏ మాట?

ప్రశ్న: పిల్లల పాఠంలో "గుర్రం గడ్డి నెమరువేస్తోంది" అని రాశారు. సరేనా? మేసినా, నెమరేసినా తినడమేగా?

వెంకటరమణ: గుర్రం నెమరు వేయదండీ. దానికి పైనా కిందా ముందుపళ్లున్నాయి. గడ్డిని మొదలంటా కొరికి, అప్పుడే బాగా నమిలి మింగేస్తుంది. ఆవుకు పై దవడలో ముందుపళ్లు లేవు, గట్టి చిగురే. నాలుకతో గడ్డిని చుట్టి లాగి, కింది 8 పళ్లకూ ఆ చిగురుకూ మధ్య నొక్కిపట్టి, తల విదిల్చి తెంపుతుంది. మరీ పొట్టి గడ్డి దాని నాలుకకు చిక్కదు, గొర్రెకైతే చిక్కుతుంది. ఇదంతా మేయడం. అరకొరగా నమిలి మింగిన మేత తర్వాత ముద్దగా నోట్లోకి తిరిగొస్తే, దవడను పక్కకు తిప్పుతూ ఒక్కో ముద్దను 40 నుంచి 60 సార్లు నమలడం నెమరు. రోజుకు 6 నుంచి 8 గంటలు ఇదే పని. "గొడ్డు నెమరెయ్యట్లేదు" అని రైతు అన్నాడంటే జబ్బు చేసిందనే. అన్నమో పిండో ఎక్కువ తిని పొట్టలో పులిసినా నెమరు ఆగిపోతుంది.

శారద: మేతలో మేకులు, తీగముక్కలు ఉన్నా ఆవు ఏరిపారెయ్యదు. అవి దాని నాలుగు అరల పొట్టలో రెండో అరలో చేరి, ఒక్కోసారి గుండె దాకా గుచ్చుకుంటాయి. మేక పెదవులతో ఆకు ఏరుకుంటుంది కాబట్టి దానికి ఈ బెడద తక్కువ.

ప్రశ్న: మరి దూడ పాలు "తాగింది" అనొచ్చా?

శారద: తప్పేం కాదు, కానీ పొదుగు దగ్గరైతే "కుడిచింది" అనాలి. తేడా పొట్టలోనూ ఉంది. దూడ చీకుతుంటే లోపల ఒక కాలువ అంచులు గొట్టంలా మూసుకుని పాలు నేరుగా నాలుగో అరకు పోతాయి. నేలమీది బకెట్‌లోంచి గబగబా తాగితే కొన్ని మొదటి అరలో పడి పులుస్తాయి, పారుకుంటుంది. తల్లిలేని దూడకు చనుమొన అమర్చిన బకెట్‌ను పొదుగు ఎత్తున కట్టి, గోరువెచ్చని పాలు పట్టాలి.

వెంకటరమణ: కుక్క తినడానికీ తాగడానికీ "కతుకు", కొందరు "గతుకు" అంటారు. మనిషిని అంటే తిట్టే. నీళ్లు తాగేటప్పుడు కుక్క నాలుక వెనక్కి మడతపడి నీళ్లలో మునుగుతుంది, చుట్టూ చిందరవందర. పిల్లి నాలుక కొసతో పైపైన తాకి, లేచిన నీటి ధారను నోట పట్టుకుంటుంది, సెకనుకు దాదాపు 4 సార్లు. పిల్లికి "కతికింది" నప్పదు.