కర్రీ పాయింట్ మానేసి వారమంతా ఇంట్లోనే వండుకోవాలంటే ముందుగా ఏవేవి సిద్ధం చేసి పెట్టుకోవాలి?

బాచుపల్లి_ఇద్దరం:

ఇంట్లో ఇద్దరమే, ఇద్దరికీ ఉద్యోగాలు. పొద్దున 8 గంటలకి బయల్దేరి రాత్రి 7:30కి ఇల్లు చేరతాం. ఇప్పుడు అన్నం మాత్రమే ఇంట్లో వండుతున్నాం. కూర, పప్పు, సాంబారు కర్రీ పాయింట్ నుంచి, టిఫిన్ బండి దగ్గర. సోమవారం నుంచి శుక్రవారం దాకా టిఫిన్, రాత్రి భోజనం రెండూ ఇంట్లోనే చేసుకోవాలని ఉంది. పొద్దున 20 నిమిషాలు, రాత్రి 40 నిమిషాలు, ఆదివారం రెండు గంటలు ఇవ్వగలం.

రెండు బర్నర్ల స్టవ్, 5 లీటర్ల కుక్కర్ (లోపలి గిన్నెలు రెండు), మిక్సీ, ఫ్రిజ్ ఉన్నాయి. గ్రైండర్ లేదు.

తేలని విషయాలు ఇవి. చలికాలంలో ఇడ్లీ పిండి పొంగట్లేదు, పొంగినా ఇడ్లీలు గట్టిగా వస్తున్నాయి. టమాటా పప్పు ఎన్ని విజిళ్లు వచ్చినా పలుకుగానే ఉంటోంది. ఆదివారం కొన్న ఆకుకూరలు బుధవారానికి కుళ్లిపోతున్నాయి. ఆదివారమే కూరలన్నీ వండి ఫ్రిజ్‌లో పెడితే మంగళవారం తర్వాత తినబుద్ధి కావట్లేదు. ఏవి ముందే చేసుకోవాలి, ఏవి అప్పటికప్పుడు చేసుకోవాలి?

గుంటూరు_వంటిల్లు:

కూరలు ముందే వండి పెట్టే పద్ధతి మానేయండి. వేయించిన దొండకాయ మర్నాటికే మెత్తబడుతుంది, పోపులో కరివేపాకు వాసన పోతుంది. మన వంటలో టైము తినేసేవి మూడే: పప్పు ఉడకడం, చింతపండు నానబెట్టి పిసకడం, కూరగాయలు తరగడం. ఆ మూడూ ముందే అయిపోతే మిగిలేది పోపు, మగ్గడం. అవి అప్పటికప్పుడు చేస్తేనే రుచి.

పప్పు పలుకు సంగతి ముందు చెప్తాను. టమాటాని పప్పుతో కలిపి ఉడికించడమే కారణం. పులుపు తగిలితే గింజలో కణాలను పట్టి ఉంచే పెక్టిన్ కరగదు. బోరు నీళ్లలో కాల్షియం ఎక్కువున్నా ఇదే గతి, అప్పుడు తాగే నీళ్లతోనే ఉడికించండి. ఏడాది దాటిన పాత పప్పు కూడా మొండికేస్తుంది.

కప్పు కందిపప్పు కడిగి, వీలైతే అరగంట నానబెట్టి, రెండున్నర కప్పుల నీళ్లు, పావు చెంచా పసుపు, నాలుగు చుక్కల నూనె వేయండి. నూనె పడితే నురగ పొంగి విజిల్లోంచి చిమ్మదు. కుక్కర్ అడుగున రెండు గ్లాసుల నీళ్లు, కింది గిన్నెలో పప్పు, పై గిన్నెలో కప్పు బియ్యానికి రెండు కప్పుల నీళ్లు. టమాటా, పచ్చిమిర్చి ముక్కల్ని చిన్న స్టీలు గిన్నెలో వేసి, మూత పెట్టి బియ్యం గిన్నె మీద ఉంచండి. కుక్కర్ మూత పట్టేంత ఎత్తు ఉందో లేదో ముందే చూసుకోండి. విజిల్ గొట్టానికి ఏదీ తగలకూడదు. నాలుగైదు విజిళ్లు వచ్చాక ఆవిరి తనంతట తాను దిగేదాకా మూత జోలికి పోవద్దు. తర్వాత పప్పు మెదిపి, టమాటా ముక్కలు, ఉప్పు కలిపి, అయిదు నిమిషాలు ఉడకనిచ్చి పోపు పెట్టండి. కుక్కర్ పని చేస్తుండగా రెండో బర్నర్ మీద కూర అయిపోతుంది.

ఉడికిన పప్పులో సగం ఏమీ కలపకుండా, పోపు లేకుండా డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లోకి తోసేయండి. మర్నాడు అదే పప్పుచారు అవుతుంది. రెండు రోజులకు మించి దాచొద్దు.

చింతపండు గుజ్జు ఆదివారం పని. 250 గ్రాముల చింతపండు, గింజ, ఈనెలు తీసి, రెండు గ్లాసుల వేడి నీళ్లలో అరగంట నానబెట్టి, పిసికి వడగట్టండి. స్టీలు మూకుట్లో నాలుగు పెద్ద చెంచాల నువ్వుల నూనె, చెంచా పసుపు, రెండు చెంచాల ఉప్పు వేసి గుజ్జును సన్న సెగ మీద నూనె అంచుల్లోకి తేలేదాకా మగ్గించండి. అల్యూమినియం పాత్ర వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. చల్లారాక గాజు సీసాలో, ఫ్రిజ్‌లో. తడి గరిటె పెడితే బూజు పడుతుంది. ఉప్పు అందులోనే ఉంది కాబట్టి చారులో ఉప్పు చివర రుచి చూసి వేసుకోవాలి.

రుబ్బురోలు:

ఇడ్లీ గురించి వివరంగా రాస్తాను. చాలామంది ఇక్కడే విసిగిపోయి మళ్లీ బండి దగ్గరికి వెళ్తారు.

కొలత: కప్పు మినపగుళ్లకి రెండు కప్పుల ఇడ్లీ రవ్వ. గుళ్లు నాలుగు గంటలు నానాలి. రవ్వను రెండు మూడుసార్లు కడిగి, గంటన్నర నానబెట్టి, పిడికిళ్లతో నీళ్లు పిండి కలపాలి. రవ్వలో నీళ్లు మిగిలితే పిండి జారుగా అయి ఇడ్లీ అప్పచ్చిలా పడుతుంది.

మిక్సీతో ఉన్న ఇబ్బంది వేడి. గుళ్లు వేడెక్కితే పిండి పొంగదు, జిగటగా అవుతుంది. అందుకని ఫ్రిజ్ నీళ్లు వాడండి. జార్ సగానికి మించి నింపకుండా, అర నిమిషం తిప్పి కాసేపు ఆపి, మళ్లీ తిప్పండి. నీళ్లు కొంచెం కొంచెంగా పోయాలి. కప్పు గుళ్లకి ముప్పావు నుంచి కప్పు నీళ్లు పడతాయి. అయిందో లేదో తెలియడానికి చిన్న ముద్దను నీళ్ల గిన్నెలో వేయండి. తేలితే చాలినంత గాలి పట్టింది. మునిగితే ఇంకా రుబ్బాలి. గట్టి ఇడ్లీకి ఎక్కువసార్లు కారణం ఇదే. తర్వాతి కారణం పాత మినపగుళ్లు.

రవ్వ, పిండి చేత్తో కలపండి. గిన్నె సగమే నింపాలి. ఎండాకాలం ఉప్పు ముందే వేసి 7, 8 గంటలు ఉంచితే సరిపోతుంది. చలికాలంలో ఉప్పు పొంగాక వేయండి, ముందే వేస్తే పులియడం ఇంకా నెమ్మదిస్తుంది. గిన్నెను గోరువెచ్చటి నీళ్లున్న పెద్ద పాత్రలో దించి, మూత పెట్టి, పైన దుప్పటి కప్పితే 12 గంటల్లో పొంగుతుంది. నీళ్లు చేయి పెట్టగలిగేంత వెచ్చగా ఉంటే చాలు, మరిగేవి పోస్తే అంచున పిండి ఉడికిపోతుంది. ఏసీ గదిలో పెట్టొద్దు.

వారం ఇలా నడుస్తుంది. ఆదివారం పొద్దున నానబెట్టి, మధ్యాహ్నం రుబ్బితే సోమవారానికి పిండి సిద్ధం. పొంగిన పిండిని గరిటెతో బాదకుండా రెండు డబ్బాల్లోకి తీసి, ఒకటి ఫ్రిజ్‌లో పెట్టండి. సోమ, మంగళ ఇడ్లీ. నీళ్లు మరిగాక పెట్టి 10 నుంచి 12 నిమిషాలు, ఆపి మూడు నిమిషాలు ఆగి, తడి చెంచాతో తీయాలి. బుధవారానికి పిండి పులుస్తుంది. అప్పుడు ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఊతప్పమో గుంట పొంగణాలో చేయండి, పులుపు అక్కడ బాగుంటుంది.

గురువారం పెసరట్టు. ఇది తీరిక లేని ఇంటికి దొరికిన వరం అనే చెప్పాలి. బుధవారం రాత్రి కప్పు పెసలు, రెండు చెంచాల బియ్యం నానబెట్టి, పొద్దున అంగుళం అల్లం, మూడు పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పుతో రుబ్బి వెంటనే పోసేయడమే. పులియనక్కర్లేదు, పులిస్తే పాడైనట్టే. పిండి గరిటెకి చుట్టుకుని వచ్చేస్తుంటే పెనం మరీ కాగిందని అర్థం. నీళ్లు చిలకరించి, కోసిన ఉల్లిపాయతో రుద్ది పోయండి.

పల్లీలు పావుకిలో ఆదివారమే వేయించి డబ్బాలో పెట్టుకుంటే చట్నీకి అయిదు నిమిషాలు చాలు: అరకప్పు పల్లీలు, నాలుగు పచ్చిమిర్చి, అర చెంచా చింతపండు గుజ్జు, ఉప్పు.

ఓరుగల్లు_తొక్కులు:

పైన చెప్పినవన్నీ పప్పు, పిండి చుట్టూనే ఉన్నయి. రాత్రి ఏడున్నరకి ఆకలి దంచుతుంటే కుక్కర్ ఆవిరి దిగేదాకా ఆగుడు కష్టం. కర్రీ పాయింట్‌కి పోయేది ఆ పావుగంట ఆకలే. ముందు గుప్పెడు మరమరాలు, పల్లీలు తిని పని మొదలువెట్టుండ్రి. అలసిన రోజు కోసం పొయ్యి మీద ఉడికించే పనిలేని పులుసు ఒకటి చేతిల ఉండాలె.

పచ్చిపులుసు: పెద్ద నిమ్మకాయంత చింతపండు (గుజ్జయితే రెండు చెంచాలు) మూడు గ్లాసుల నీళ్లల్ల కలుపుండ్రి. పెద్ద ఉల్లిగడ్డను సన్నగ కోసి, ఉప్పు వేసి చేత్తో గట్టిగ నలపాలె, అట్ల నలిపితేనే ఉల్లి రసం పులుసులకి దిగుతది. నాలుగు పచ్చిమిర్పకాయలు మంట మీద కాల్చి నలిపి వెయ్యాలె. పచ్చివే వేస్తే ఒట్టి కారం, కాలిస్తే ఆ వాసనే వేరు. చిటికెడు బెల్లం, కొత్తిమీర, చెంచాడు వేయించిన నువ్వుల పొడి. ఆవాలు, జీలకర్ర, ఎండు మిర్చి, కరివేపాకు పోపు. పది నిమిషాల పని. అన్నం, పచ్చిపులుసు, పక్కన ఆమ్లెట్ లేకుంటే కందిపొడి.

కందిపొడి ఆదివారం చేసుకోండి: కప్పు కందిపప్పు, పావు కప్పు శనగపప్పు, పది ఎండుమిర్చి, చెంచా జీలకర్ర. నూనె లేకుండ సన్న సెగ మీద పన్నెండు నిమిషాల దాకా, లోపల దాకా వేగాలె. పెద్ద సెగ మీద పైన మాడి లోపల పచ్చిగ ఉంటే పొడి చిరుచేదు వస్తది. పూర్తిగ చల్లారినంకనే ఉప్పు, నాలుగు ఎల్లిగడ్డ రెబ్బలు వేసి పట్టాలె. వేడిమీద పడితే ఆవిరికి ముద్ద కడతది. ఎల్లిగడ్డ వేస్తే ఫ్రిజ్‌ల పెట్టుండ్రి.

శుక్రవారం రాత్రికి సర్వపిండి. రెండు కప్పుల బియ్యప్పిండి, గంట నానిన శనగపప్పు రెండు చెంచాలు, పల్లీలు, నువ్వులు, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కరివేపాకు, ఉప్పు, కలిపి ముద్ద చేసి, నూనె రాసిన చల్లటి మూకుడుల పల్చగ అద్ది, వేలితో రంధ్రాలు పెట్టి ఒక్కో రంధ్రంల నూనె చుక్క వేసి, మూతపెట్టి సన్న సెగ మీద పది నిమిషాలు. వేడి మూకుడుల ఇంకోటి అద్దరాదు, చెయ్యి కాలుతది, పిండీ పరచుకోదు. అందుకే రెండు మూకుళ్లు ఉంటే ఒకటి చల్లారేలోపు ఇంకోటి నడుస్తది.

బాచుపల్లి_ఇద్దరం:

చాలా ఉపయోగపడే వివరాలు, అందరికీ ధన్యవాదాలు. ఇంకో రెండు సందేహాలు. రాత్రి మిగిలిన అన్నం పొద్దున పులిహోర చేసి డబ్బాల్లో తీసుకెళ్లొచ్చా? కూరగాయల సంగతి, ముఖ్యంగా బెండకాయ జిగురు గురించి ఎవరూ చెప్పలేదు.

కాయగూరల_బుట్ట:

అన్నం ముందు. వండిన అన్నం రాత్రంతా కుక్కర్లోనే బయట వదిలేస్తే పొద్దున వాడొద్దు. బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చటి అన్నంలో మొలిచి విషాన్ని విడుస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న వెంటనే మిగిలింది వెడల్పాటి పళ్లెంలో పరిచి ఆవిరి పోగొట్టి, గంటలోపు మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. అలా దాచిన అన్నంతో పొద్దున పులిహోర నిక్షేపంగా చేసుకోవచ్చు. చల్లటి అన్నం పొడిపొడిగా ఉంటుంది, విరగదు. పైన చెప్పిన పప్పుకీ ఇదే జాగ్రత్త: లోతు గిన్నెలో వేడివేడిగా పెడితే మధ్యలో గంటల తరబడి వెచ్చగానే ఉంటుంది. తక్కువ లోతున్న డబ్బాలో పరచండి.

ఇక కొనడం. పాడయ్యే వరస చూసి వండితే సగం సమస్య తీరుతుంది. సోమ, మంగళ: తోటకూర, గోంగూర, పాలకూర, బీరకాయ, బెండకాయ. బుధ, గురు: వంకాయ, దొండకాయ, చిక్కుడు. శుక్రవారం: క్యాబేజీ, సొరకాయ, బంగాళాదుంప. రైతుబజారులో ఆకుకూర కట్ట మీద నీళ్లు చల్లి అమ్ముతారు. ఆ తడితోనే కవర్లో చుడితే రెండు రోజుల్లో జిగురు పడుతుంది. ఇంటికి రాగానే వేళ్లు కోసి, కడగకుండా, పాత నూలు గుడ్డ మీద ఆరబెట్టి, అదే గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టండి. పచ్చిమిర్చి తొడిమలు తీసి దాచండి, కుళ్లు అక్కడే మొదలవుతుంది. కరివేపాకు రెమ్మల నుంచి దూసి, తడి లేకుండా డబ్బాలో పెట్టండి.

తరిగే పని ముందు రాత్రే చేయదగ్గవి: దొండకాయ, క్యాబేజీ, చిక్కుడు, బీన్స్. వంకాయ అప్పటికప్పుడే తరిగి ఉప్పు నీళ్లలో వేయండి, లేకపోతే నల్లబడుతుంది.

బెండకాయ ముందు రాత్రి కాయలుగానే కడిగి గుడ్డతో తుడిచి పెట్టండి, తరిగాక కడిగితే జిగురు తప్పదు. అరకిలోకి మూడు పెద్ద చెంచాల నూనె, వెడల్పాటి మూకుడు, మధ్యస్థం సెగ, మూత లేకుండా 12 నుంచి 15 నిమిషాలు. మూత పెడితే ఆవిరి నీళ్లయి మళ్లీ కిందికి దిగుతుంది. ఉప్పు చివరి మూడు నిమిషాల్లో వేయాలి, ముందే వేస్తే ముక్కలు నీరు వదులుతాయి. ముక్కలు గరిటెతో మాటిమాటికీ కెలకొద్దు, నాలుగు నిమిషాలకోసారి చాలు.

గుంటూరు_వంటిల్లు:

బెండకాయ విషయంలో పై మాట నిజం. ఒక్కటి కలుపుతాను: అంత టైము లేని రాత్రి దాన్ని చింతపండు గుజ్జుతో పులుసు చేయండి. పులుపు జిగురును తగ్గిస్తుంది. ముక్కలు నూనెలో అయిదు నిమిషాలు మగ్గాక రెండు చెంచాల గుజ్జు, గ్లాసున్నర నీళ్లు, కారం, చిన్న బెల్లం ముక్క వేసి పది నిమిషాలు ఉడికించండి. దింపే ముందు చెంచా బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. కుక్కర్లో అన్నం ఉడికి ఆవిరి దిగేలోపు పులుసు కూడా సిద్ధమవుతుంది.