కోన్ నత్తను వెడల్పు వైపు పట్టుకుంటే కుట్టదా?

గవ్వల సంచి:
మా పాపకు తొమ్మిదేళ్ళు. నిన్న రాళ్ళ మధ్య నీటి గుంటలో ఒక గుల్ల దొరికింది. శంకు ఆకారం, తెలుపు మీద గోధుమరంగు వల గీతలు. పది నిమిషాలు గుప్పెట్లో పెట్టుకుని తిరిగింది. లోపల ఏదో కదులుతోందంటే లాక్కుని నీళ్ళలో వేసేశాను. తర్వాత ఫోటో వెతికితే విషం ఉన్న కోన్ నత్త అని తెలిసింది. పాప బాగానే ఉంది, కానీ రాత్రంతా నాకు నిద్ర లేదు. వెడల్పు వైపు పట్టుకుంటే కుట్టదని ఒకరు చెప్పారు. నిజమేనా?

నీటి అడుగున:
నిజం కాదండీ, ఆ మాట అస్సలు నమ్మకండి. దాని తొండం సన్నటి వైపు నుంచే వస్తుంది, కానీ వెనక్కి వంగి గుల్లలో ఏ మూలనైనా అందుకుంటుంది. కొసన బోలు పన్ను ఉంటుంది, బాణంలా గుచ్చి విషం ఎక్కిస్తుంది. నేను ఇరవై ఏళ్ళుగా డైవింగ్ నేర్పిస్తున్నాను. ఒక కుర్రాడు ఇలాంటిదాన్నే డైవింగ్ సూట్ స్లీవ్‌లోకి దూర్చుకుని పడవ ఎక్కాడు. అది చూసి నా గుండె ఆగినంత పనైంది. పెద్ద నత్త పన్ను గ్లవ్స్‌లోంచి కూడా దిగుతుంది.

మీరు చెప్పిన గీతలను బట్టి అది కోనస్ టెక్స్‌టైల్ అనే రకం కావచ్చు. అది తోటి నత్తలను తింటుంది. అన్నిటికన్నా ప్రమాదం చేపలను తినే కోనస్ జియోగ్రాఫస్. నత్తకు చేపను వెంటాడే వేగం ఉండదు కదా, అందుకే చేప తప్పించుకునేలోపే పడిపోయేంత విషం దానికి ఉంటుంది. మనుషుల మరణాల్లో ఎక్కువ దానివల్లే.

రాత్రి డ్యూటీ:
నేను ఎమర్జెన్సీలో నర్సుని. కుట్టినప్పుడు నొప్పి లేకపోవచ్చు, భయమంతా అక్కడే. తిమ్మిరి, చూపు మసకబారడం, మాట తడబడటం, ఆ తర్వాత ఊపిరి కండరాలు చచ్చుబడటం. దీనికి విరుగుడు మందు లేదు. చెయ్యికి వెడల్పు బ్యాండేజీ గట్టిగా చుట్టి, కదలకుండా ఉంచి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కోయడం, నోటితో పీల్చడం వద్దు. విషం తగ్గేదాకా వెంటిలేటర్ మీద ఊపిరి నిలబెడితే మనిషి బతుకుతాడు. పాపకు రోజు గడిచినా ఏమీ లేదంటే కుట్టలేదనే అనుకోవచ్చు. టెన్షన్ తగ్గకపోతే ఒకసారి డాక్టర్‌కి చూపించండి.

గవ్వల సంచి:
చాలా థాంక్స్ అండి. ఒడ్డున పడి ఉన్న ఖాళీ గుల్లలు ఏరుకోవచ్చా?

నీటి అడుగున:
ఖాళీ అని ఖాయమైతేనే. నత్త లోపలికి ముడుచుకుంటే బయటికి కనిపించదు. శంకు ఆకారంలో ఉన్నదాన్ని మాత్రం పాపను ముట్టుకోనివ్వకండి. మీరు దాన్ని చంపకుండా నీళ్ళలో వేసినందుకు సంతోషం. వీటిలోనే కోనస్ మేగస్ విషం ఆధారంగా తయారైన జైకోనోటైడ్ అనే నొప్పి మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది.