బేస్‌బాల్ పేరుతో వీడియో పాఠాలు: పిల్లలకు చదువు వంటబడుతోందా?

ఎడిసన్ అమ్మ:
అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఆరో తరగతి. గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చి ఏడాది కూడా కాలేదు. ఈ నెలంతా వాళ్ల స్కూల్లో లెక్కలు, సైన్స్, సోషల్ మూడూ బేస్‌బాల్‌తోనే చెబుతున్నారు. అదీ వారానికి రెండు రోజులు ఇంటి నుంచి వీడియో క్లాసు. కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం వాళ్లు కూడా బడి పిల్లలకు వీడియోలో ఇలాంటి పాఠాలు చెబుతారు. ఆలోచన మంచిదే కావచ్చు. కానీ మొన్న ఏం జరిగిందో చూడండి.

ప్రశ్న ఇది: ఒక పిచర్ (బంతి విసిరేవాడు) 6.1 ఇన్నింగ్స్ వేసి 2 ఎర్న్‌డ్ రన్స్ (ఫీల్డర్ల పొరపాటు లేకుండా వచ్చిన రన్స్) ఇచ్చాడు, అతని ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చిన ఎర్న్‌డ్ రన్స్) ఎంత? రన్స్‌ని 9తో గుణించి ఇన్నింగ్స్‌తో భాగించాలని సూత్రం ఇచ్చారు. మా పిల్ల 18ని 6.1తో భాగించి 2.95 అని రాసింది. స్క్రీన్ మీద ఎర్ర ఇంటూ పడింది. మళ్లీ భాగించింది, అదే వచ్చింది. మూడోసారీ అంతే. కెమెరా ఆపేసి ఏడుస్తూ కూర్చుంది. మాకు తర్వాత తెలిసింది, ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు కాబట్టి 6.1 అంటే ఆరు ఇన్నింగ్స్, పైన ఒక అవుట్ అని. అంటే ఆరూ, ఇంకో మూడో వంతు. జవాబు 2.84. భాగహారంలో ఎక్కడా తప్పు చేయని పిల్లకు సున్నా వచ్చింది. ఆట తెలియకపోతే లెక్క రానట్టేనా?

ఫ్రిస్కో నాన్న:
మీ బాధ అర్థమైంది అండి, కానీ ఒక్క ప్రశ్నతో పద్ధతినే తీసిపారేయకండి. మావాడు లెక్కలంటే ఆమడ దూరం పరిగెత్తేవాడు. వాడికి పాతకాలపు బేస్‌బాల్ బ్యాటర్ టెడ్ విలియమ్స్ లెక్క ఇచ్చారు. 1941 సీజన్ చివరి రోజు పొద్దుటికి ఆయన 448 అట్-బ్యాట్లలో (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ అవకాశాల్లో) 179 హిట్లు (బేస్ చేరేలా కొట్టిన దెబ్బలు) కొట్టి ఉన్నాడు. భాగిస్తే 0.39955. మూడు అంకెలకు సవరిస్తే 0.400, ఆటలో దీన్ని నాలుగు వందలు అంటారు. ఆ రోజు ఆడకుండా కూర్చున్నా .400 కొట్టినవాడిగానే పేరు మిగిలేది. ఆడాడు. ఫిలడెల్ఫియాలో ఒకే రోజు రెండు మ్యాచ్‌లు, 8 సార్లలో 6 హిట్లు. 185ని 456తో భాగించి మావాడు .406 తెచ్చుకుని, "నాన్నా, నిజం నాలుగు వందలు" అని అరిచాడు. దశాంశాలు సవరించడం అంటే ఏమిటో నేను రెండేళ్లు చెప్పినా ఎక్కలేదు. ఇది మాత్రం ఒక్క సాయంత్రంలో ఎక్కింది. ఆ క్లాసూ వీడియోలోనే జరిగింది.

తెనాలి లెక్కల మాస్టారు:
అమ్మా, నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. బేస్‌బాల్ మైదానం కళ్లతో చూడలేదు. మీ పాపను ఒక్క మాట అడగండి: క్రికెట్‌లో 6.1 ఓవర్లు అంటే ఎంత? ఆరు ఓవర్లు, ఒక బంతి అని వెంటనే చెబుతుంది. అంటే ఆరూ ఆరో వంతు. అక్కడ ఆరో వంతు, ఇక్కడ మూడో వంతు, అంతే తేడా. చుక్క పెట్టినంత మాత్రాన దశాంశం కాదన్న సంగతి పాపకు గుంటూరులోనే తెలుసు. ఆ తెలిసిన దాన్ని ఎవరూ బయటికి తీయలేదు.

ఫ్రిస్కో బాబూ, మీవాడి ఆనందం నిజమే. కానీ మీవాడు ఆ ఆట చూస్తూ పెరిగాడు. నాకు ఈ పాప గురించే బెంగ. 2020లో నేనూ ఫోన్లో పాఠాలు చెప్పాను. క్లాసులో అయితే ఒకే లెక్కను మూడుసార్లు కొట్టేసి మళ్లీ చేస్తున్న పిల్ల నోటుబుక్కు నా కంట పడేది. ఫోన్లో తప్పు జవాబు ఒక్కటే కనిపించేది. దూరం నుంచి చెప్పేవాళ్లు ఆట నియమాన్ని ప్రశ్నలోనే రాయాలి. లేకపోతే అది లెక్కల పరీక్ష కాదు, ఆట తెలుసా లేదా అన్న పరీక్ష.

డెన్వర్ సోషల్ టీచర్:
మాస్టారూ, మీ చివరి మాట మా స్టాఫ్ రూంలో అంటించుకోవాలి. నేను ఇక్కడ మిడిల్ స్కూల్లో సోషల్ చెబుతాను, బేస్‌బాల్ వాడతాను. మాకు సైన్స్ కూడా దగ్గరే. మా ఊరి బేస్‌బాల్ స్టేడియం కూర్స్ ఫీల్డ్ సముద్రమట్టానికి సుమారు 5,200 అడుగుల ఎత్తులో ఉంది, గాలి పలచన, బంతి ఎక్కువ దూరం పోతుంది. అందుకే 2002 నుంచి బంతుల్ని తేమ ఉన్న గదిలో పెట్టి వాడుతున్నారు.

కానీ నా భయం వేరే. ఆధునిక మేజర్ లీగ్‌లో తొలి నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్‌సన్ 1947 ఏప్రిల్ 15న బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు తరఫున దిగాడు అని చెప్పి, చప్పట్లు కొట్టించి పాఠం ముగించేస్తారు. జాతి వివక్ష ఆ రోజుతో పోయిందని పిల్లలు అనుకుంటారు. బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు తన తొలి నల్లజాతి ఆటగాణ్ణి దింపింది 1959లో. మధ్యలో పన్నెండేళ్లు. నేను ఆ పన్నెండేళ్ల గురించే ఎక్కువ అడుగుతాను. రెండో ప్రపంచ యుద్ధంలో జపనీస్ అమెరికన్లను నిర్బంధ శిబిరాల్లో పెట్టినప్పుడు, అరిజోనా గిలా రివర్ శిబిరంలో బేస్‌బాల్ ఆటగాడు కెనిచి జెనిమురా, ఆయన తోటివాళ్లు ఎడారి నేలను చదును చేసి మైదానం కట్టుకున్నారు. ఆ ఫోటో వీడియో క్లాసులో చూపించాను. ఎప్పుడూ మైకు తెరవని పిల్లవాడు, "కంచె లోపల మైదానం ఎందుకు కట్టారు?" అని అడిగాడు. ఆ రోజు మిగతా పాఠం పక్కన పెట్టేశాం. అడిగిన పిల్లవాడికి బేస్‌బాల్ రాదు. కాబట్టి ఆట తెలియనివాళ్లకు తలుపు మూసినట్టే అంటే నేను ఒప్పుకోను, ఎడిసన్ అమ్మ గారూ.

ఫ్రిస్కో నాన్న:
ప్రశ్నలోనే నియమం రాయాలన్నది ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ అన్నీ విడమరిచి రాస్తే పిల్లలు వెతుక్కోవడం మానేస్తారు. మావాడు అట్-బ్యాట్‌లో వాక్ (నాలుగు చెడు బంతులు పడితే బ్యాటర్‌కు ఊరికే దొరికే బేస్) లెక్కకు రాదని తనే కనుక్కున్నాడు.

తెనాలి లెక్కల మాస్టారు:
మీవాడికి కనుక్కోవడానికి మీరు పక్కనున్నారు బాబూ. ఆ పాప ఇంట్లో ఆట ఎవరికీ తెలియదు.

ఎడిసన్ అమ్మ:
మాస్టారు గారూ, ఓవర్ల సంగతి అడిగాను. ఒక్క క్షణం ఆగి, "అమ్మా, అదే ఇది" అంది. తనే ఆరూ మూడో వంతును 19/3గా మార్చి, 54ని 19తో భాగించి 2.84 తెచ్చింది.

శనివారం మావారూ తనూ ఖాళీ పార్కింగ్ లాట్‌లో టేపు పట్టుకుని సుద్దముక్కతో బేస్‌బాల్ మైదానంలోని 90 అడుగుల చదరం గీశారు. కర్ణం కొలిస్తే 127 అడుగుల చిల్లర వచ్చింది, పుస్తకంలో లెక్కతో సరిపోయింది. పిచర్ నిలబడే చోటు సరిగ్గా మధ్యలో ఉంటుందని మేం అనుకున్నాం. బ్యాటర్ నిలబడే మూల నుంచి 60 అడుగుల 6 అంగుళాల దగ్గర గీత పెట్టాక మా పిల్లే అంది, కర్ణంలో సగం అయితే 63 దాటాలి కదా, మూడడుగులు ముందుకు ఎందుకు జరిపారు అని. మాకు తెలియదు. సోమవారం క్లాసులో అడుగుతానంది, కెమెరా పెట్టుకునే.

అయినా నా అభిప్రాయం మారలేదు. ఆ ప్రశ్న పక్కన "ఒక అవుట్ అంటే ఇన్నింగ్స్‌లో మూడో వంతు" అని ఒక్క లైను రాయమని టీచర్‌కు మెయిల్ పెట్టాను. జవాబు వస్తే ఇక్కడే రాస్తాను.