ఆల్ వీల్ డ్రైవ్ ఉన్న బండికి వింటర్ టైర్లు కూడా కావాలా?

దారిబత్తెం:
వచ్చే నెలలో కుటుంబమంతా కారులో మంచు కురిసే ప్రాంతానికి బయలుదేరుతున్నాం. రెండు రోజుల దారి. మొదటి రోజు వెడల్పాటి రహదారి, రెండో రోజు మధ్యాహ్నం నుంచి కొండ ఎక్కాలి, అవతల దిగాలి. బండి ఆల్ వీల్ డ్రైవ్. టైర్లు ఆల్ సీజన్ రకం, పక్కన ‘ఎం ప్లస్ ఎస్’ అన్న ముద్ర ఉంది. "నాలుగు చక్రాలూ లాగే బండికి వేరే టైర్లెందుకు? ఒక్క ప్రయాణానికి ఇంత హడావిడా?" అంటారు మా బావగారు. ఆయన నాకంటే చాలా ముందు నుంచి బండి నడుపుతున్నారు కాబట్టి ఇంట్లో ఆయన మాటే చెల్లుతోంది. నాకు మనసు ఒప్పడం లేదు, కానీ ఎందుకని అడిగితే గట్టిగా చెప్పలేకపోతున్నాను. మీరు ఏ పక్షమైనా సరే, కారణంతో చెప్పండి. ‘జాగ్రత్తగా వెళ్ళి రండి’ అని మాత్రం రాయకండి, ఆ మాట మా అత్తయ్యగారు ఇప్పటికే చెప్పారు.

కొండదారి:
నేను మీ బావగారి పక్షం. ఏళ్ళ తరబడి ఇలాంటి బండినే, ఇలాంటి టైర్లతోనే చలికాలంలో కొండల్లో నడుపుతున్నాను. ఎత్తు మధ్యలో ఆగి మళ్ళీ కదలాల్సి వచ్చినప్పుడు ముందు చక్రాలు మాత్రమే లాగే బళ్ళు గిరగిరా చక్రాలు తిప్పుకుంటూ అక్కడే నిలబడిపోతాయి, నాది నింపాదిగా ఎక్కేస్తుంది. ఇప్పటి బళ్ళలో బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉంది, జారితే సర్దే స్టెబిలిటీ కంట్రోల్ ఉంది. వింటర్ టైర్లు నెలల తరబడి మంచులోనే బతికేవారికి. కొద్ది రోజుల కోసం నాలుగు టైర్లు కొని, తర్వాత వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక గోడకు చేరేసి చూస్తూ కూర్చోవడం నాకు తెలివైన పనిగా అనిపించదు.

లెక్కలపంతులు:
కొండదారిగారూ, మీరు చెప్పినదంతా కదలడం గురించే. ఆగడం గురించి ఒక్క ముక్కా లేదు. ఆల్ వీల్ డ్రైవ్ అంటే ఇంజను శక్తిని నాలుగు చక్రాలకూ పంచడం. బ్రేకులు మాత్రం ప్రతి కారుకూ నాలుగు చక్రాలకూ ఉంటాయి. బ్రేకు తొక్కిన క్షణం నుంచి మీ బండి గొప్పతనం చెల్లదు. మలుపులోనూ అంతే. అక్కడ బండిని దారిలో పట్టి ఉంచేది టైరుకూ నేలకూ మధ్య ఉన్న రాపిడి ఒక్కటే.

లెక్క చూడండి. ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, ఘర్షణ గుణకం, అంటే టైరుకూ నేలకూ మధ్య పట్టును చెప్పే అంకె, పెరిగేకొద్దీ తగ్గుతుంది. పొడి తారు రోడ్డు మీద ఆ గుణకం సుమారు 0.75, బళ్ళు తొక్కి గట్టిపడిన మంచు మీద 0.25 దగ్గర, నున్నటి గడ్డమంచు మీద 0.1. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టాక పొడి రోడ్డు మీద 13 మీటర్లలో ఆగే బండి గట్టిపడిన మంచు మీద 39 మీటర్లు, గడ్డ మీద 98 మీటర్లు పోతుంది. కళ్ళు చూసి కాలు కదిలేలోపు గడిచే దూరం దీనికి అదనం. ఆ గుణకాన్ని కొంతైనా మార్చగలిగేది టైరు. ఇంజను కాదు.

కొండదారి:
పంతులుగారూ, మీ లెక్కతోనే జవాబు చెబుతాను. వేగం వర్గం అన్నారు కదా. 50 బదులు 30లో వెళ్తే అదే మంచు మీద 14 మీటర్లలో ఆగుతాను. ఏ టైరు మార్చినా ఇంత తగ్గుదల రాదు. నున్నటి గడ్డ మీద వింటర్ టైరు కూడా అద్భుతాలేమీ చేయదు. మరి నేను టైర్లు మార్చుకోవాలా, యాక్సిలరేటర్ మీద కాలు కాస్త ఎత్తుకోవాలా?

లెక్కలపంతులు:
లెక్క సరైనదే. కానీ వింటర్ టైర్లు వేసుకుంటే 30లో వెళ్ళకూడదని ఎవరన్నారు? రెండూ చేయండి. ఇంకో మాట, మీరు ఎంత మెల్లగా వెళ్తున్నా, ముందు అడ్డం తిరిగిన లారీ మీకు ఎంత దూరంలో ఉండాలో మీరు నిర్ణయించలేరు.

గ్రీజు చేతులు:
టైర్లు బిగించడం నా రోజువారీ పని కాబట్టి ముందు ఆ ముద్ర సంగతి. ‘ఎం ప్లస్ ఎస్’ అంటే బురద, మంచు. దానికంటూ పట్టు పరీక్ష లేదు. గాడుల అమరికను చూసి తయారీదారే వేసుకుంటాడు. మీరు వెతకాల్సింది మూడు శిఖరాల కొండ, దాని నడుమ మంచురేకు ఉన్న బొమ్మ. ఉత్తర అమెరికాలో 1999లో మొదలైంది. అది వేయాలంటే మంచు మీద ఒక నమూనా టైరుతో పోల్చే పరీక్షలో నెగ్గాలి. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి మంచు పడ్డ రోడ్డు మీద ఆ బొమ్మ ఉన్న టైర్లే చెల్లుతాయి, ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉంటే ఒప్పుకోరు. కెనడాలోని క్విబెక్‌లో అక్కడ నమోదైన కార్లకు డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు తప్పనిసరి. మీరు వెళ్ళే చోటి నిబంధన ఏమిటో ముందే చదువుకోండి. అయితే కొండదారిగారికి పనికొచ్చే సంగతి కూడా ఒకటి చెప్పాలి. అమెరికా పద్ధతి పరీక్ష మంచు మీద ముందుకు లాగే పట్టునే కొలుస్తుంది, గడ్డమంచు మీద బ్రేకును కాదు. అందుకని బొమ్మ ఉన్న టైర్లన్నీ ఒకటి కావు.

ఇక రబ్బరు. చలి 7 డిగ్రీల సెల్సియస్ కంటే కిందికి దిగితే వేసవి టైరు రబ్బరు బిరుసెక్కుతుంది. వింటర్ టైరు మిశ్రమం ఆ చలిలోనూ మెత్తగా ఉంటుంది. పైన సన్నటి కోతలు బోలెడు ఉంటాయి, బరువు పడ్డప్పుడు వాటి అంచులు మంచును కరిచి పట్టుకుంటాయి. గాడుల్లో ఇరుక్కున్న మంచు కూడా సాయమే చేస్తుంది, ఎందుకంటే మంచుకు మంచు బాగా అతుక్కుంటుంది. ఆల్ సీజన్ అనేది ఈ రెండు రకాల మధ్య రాజీ. చివరిది గాడి లోతు. చాలా దేశాల్లో చట్టం 1.6 మిల్లీమీటర్లు చాలంటుంది, మంచుకు అది ఏ మూలకూ చాలదు. ఆస్ట్రియాలో 4 మిల్లీమీటర్ల కంటే అరిగితే దాన్ని వింటర్ టైరుగానే లెక్కించరు. దారిబత్తెంగారూ, మీ టైర్ల లోతు ఎంత? తయారైన ఏడాది? పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, చివరి రెండూ ఏడాది.

నిదానం:
ఇంతసేపూ అందరూ టైర్ల చుట్టే తిరుగుతున్నారు. నా దృష్టిలో ఆ చర్చ రెండోది. మొదటి ప్రశ్న, ఏ రోజు, ఏ గంటకు బయలుదేరుతున్నారు? మంచు తుపాను వస్తుందని వాతావరణ శాఖ చెబుతున్నా గది బుక్ చేశాం కదా అని కదిలేవారిని ఏ టైరూ కాపాడదు. ఒక రోజు ఆగితే మంచు తోసే బళ్ళు తిరుగుతాయి, ఉప్పు చల్లుతారు. (ఉప్పు మీదా అతి నమ్మకం వద్దు. మైనస్ 9 డిగ్రీల కిందికి పోతే మామూలు ఉప్పు పెద్దగా పనిచేయదు.)

కారులో కనిపించే ఉష్ణోగ్రత గాలిది, రోడ్డుది కాదు. అది 3 డిగ్రీలు చూపిస్తున్నా తెల్లవారుజామున కింద తారు సున్నాకు దిగువన ఉండొచ్చు. వంతెనలకు పైనా కిందా గాలే, నేల వేడి అందదు కాబట్టి అవి ముందుగా గడ్డకడతాయి. మామూలు తడి రోడ్డులాగే నల్లగా మెరిసే ఆ పొరే బ్లాక్ ఐస్. రోడ్డు తడిగా కనిపిస్తూనే ముందు బండి చక్రాల నుంచి నీళ్ళు చిమ్మడం ఆగిపోయిందంటే అనుమానించాల్సిందే. గడ్డమంచు బాగా చలిలో కంటే సున్నాకు దగ్గరలో ఉన్నప్పుడే ఎక్కువ జారుతుందన్నది చాలామంది నమ్మరు, కానీ నిజం.

టైర్లు కొన్న మనిషికి ‘కొన్నాను కదా’ అనే ధీమా వస్తుంది. ఆ ధీమాతో వేగం ఒక పది కిలోమీటర్లు పెరిగినా పంతులుగారి లెక్కలో మిగిలిన లాభమంతా హరించుకుపోతుంది.

హేమంత:
నిదానంగారూ, రోజు మార్చుకోవడం చేతిలో ఉన్నప్పుడు మీ మాట శిరోధార్యం. కానీ వీరిది రెండు రోజుల దారి. కొండ మీద ఉండగా వాతావరణం మారితే వెనక్కి తిరగడానికి కూడా ఆ టైర్లే కావాలి.

ధీమా అన్నారు కదా, అసలైన ధీమా ఎక్కడి నుంచి వస్తుందో చెబుతాను. చలికాలం పొడవునా మంచు ఉండే చోట ఉద్యోగం నాది, రోజూ కారులోనే వెళ్ళి రావాలి. రెండు చక్రాలే లాగే కారైతే కదిలేటప్పుడే చక్రం ఒట్టినే తిరిగి, ఈ రోజు రోడ్డు బాగాలేదని చెప్పేస్తుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఆ హెచ్చరికను మింగేస్తుంది. హాయిగా కదులుతుంది, హుందాగా వేగం అందుకుంటుంది. నడిపేవారు రోడ్డు బాగానే ఉందనుకుంటారు. ఎంత జారుడుగా ఉందో మొదటి మలుపులోనో, మొదటిసారి గట్టిగా బ్రేకు వేసినప్పుడో తెలుస్తుంది. అందుకే ఈ బళ్ళకు వింటర్ టైర్ల అవసరం ఎక్కువంటాను నేను, తక్కువ కాదు.

కొండదారిగారు ఎక్కడం గురించి చెప్పారు, భయపడాల్సింది దిగడానికి. దిగేటప్పుడు నాలుగు చక్రాలూ లాగి చేసే మేలేమీ లేదు. తక్కువ గేరులో, ఇంజనే బండిని పట్టి ఉంచేలా దిగాలి. బ్రేకు మలుపుకు ముందే, చక్రాలు తిన్నగా ఉండగానే వేసి, మలుపులో వదిలేయాలి. ఏబీఎస్ స్టీరింగ్‌ను మన మాట వినేలా ఉంచుతుంది, నిజమే. కానీ వదులు మంచు మీద ఆగే దూరం దానివల్ల పెరగవచ్చు కూడా. పూర్తిగా బిగుసుకుపోయిన చక్రం ముందు మంచు పోగుపడి అడ్డుకట్ట వేస్తుంది, ఏబీఎస్ చక్రాన్ని తిరగనిస్తుంది కాబట్టి ఆ కుప్ప ఏర్పడదు. కాలి కింద పెడల్ దడదడలాడితే బెదిరి కాలు తీయకండి. వేగాన్ని దానంతట అదే ఒకేలా ఉంచే క్రూయిజ్ కంట్రోల్ జోలికి పోకండి. ఆ రోజు పట్టు ఎంతుందో తెలియాలంటే, వెనక ఎవరూ లేని తిన్నని చోట మెల్లగా వెళ్తూ ఒకసారి బ్రేకు నొక్కి చూడండి.

చర్చకు బయటిదైనా ఇది రాయకుండా ఉండలేను. మంచులో ఇరుక్కుపోతే కారు వదిలి నడవకండి. వెచ్చదనం కోసం ఇంజను వేసే ముందు సైలెన్సర్ గొట్టం చుట్టూ మంచు తీసేయండి. అది మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది, దానికి రంగూ వాసనా లేవు. గంటకు పది నిమిషాలు నడిపి ఆపండి, గాలి కొట్టని వైపు అద్దం కొద్దిగా దించి ఉంచండి. చిన్న పార, దుప్పట్లు, టార్చి డిక్కీలో కాదు, లోపలే చేతికందేలా పెట్టుకోండి. డిక్కీ తలుపు గడ్డకట్టి తెరుచుకోకపోవచ్చు.

కొండదారి:
హెచ్చరికను మింగేస్తుందన్న వాదన బలమైనదే, దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఒక్క ప్రయాణానికి నాలుగు టైర్లంటే నేను ఒప్పుకోను. టైర్లకు చుట్టే గొలుసులు ఉన్నాయి కదా? కొండ మొదట్లో వేసుకుంటారు, దిగాక తీసేస్తారు.

గ్రీజు చేతులు:
గొలుసులు మంచు నిండా పరుచుకున్న చోటుకే. తారు తేలిన చోట అవి తెగుతాయి, టైరునూ రోడ్డునూ పాడుచేస్తాయి. చాలావాటికి గంటకు 50 కిలోమీటర్లే హద్దు. కొన్ని బళ్ళలో చక్రానికీ లోపలి భాగాలకూ మధ్య సందు చాలదు, అసలు వేయొద్దంటారు. ఆల్ వీల్ డ్రైవ్‌లో ఏ చక్రాలకు వేయాలన్నది కూడా బండితో వచ్చిన పుస్తకం చూసే తేల్చుకోవాలి. తొలిసారి బిగించడం చీకట్లో, ఈదురుగాలిలో, వేళ్ళు కొంకర్లు పోతుండగా కాకూడదు. ఇంటి ముందే ఒకసారి వేసి, తీసి చూడండి. వెంట ఉండటం మంచిదే, టైర్లకు బదులు మాత్రం కావు.

దాచుకునే బాధ వద్దనుకుంటే కొండ బొమ్మ ఉన్న ఆల్ సీజన్ టైర్లు దొరుకుతాయి, ఏడాది పొడవునా ఉంచొచ్చు. గడ్డమంచు మీద అసలు వింటర్ టైరుకు సాటి రావు, ఎం ప్లస్ ఎస్ ఒక్కటే ఉన్నవాటికంటే చాలా మెరుగు.

దారిబత్తెం:
లోతు కొలిచాను, 3 మిల్లీమీటర్లు. కొండ బొమ్మ లేదు. ఈ చర్చంతా బావగారికి చదివి వినిపించాను. దిగేటప్పటి సంగతి విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘సరే, రెండు కొని ముందు చక్రాలకు వేద్దాం’ అన్నారు. సగం గెలిచినట్టేనా?

లెక్కలపంతులు:
గెలవలేదు, ఇంకా ఇబ్బందిలో పడ్డారు. ముందు పట్టు ఉండి వెనక లేకపోతే, బ్రేకు వేసినా, మలుపులో యాక్సిలరేటర్ వదిలినా, వెనక భాగం ఆగక పక్కకు తిరిగిపోతుంది. పల్లంలో బరువు ముందుకు వాలుతుంది కాబట్టి వెనక చక్రాలు మరింత తేలిక. స్టెబిలిటీ కంట్రోల్ కాపాడేది కొంతవరకే. పైగా ముందు, వెనక టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే మీ బండిలో శక్తిని పంచే భాగాలు దారి పొడవునా ఆ తేడాను సర్దుతూ వేడెక్కుతాయి.

కొండదారి:
రెండు టైర్ల విషయంలో నేనూ పంతులుగారి పక్షమే. దానికంటే నాలుగూ ఒకే రకం ఆల్ సీజన్ ఉండటం నయం. 3 మిల్లీమీటర్లన్నారు కాబట్టి ఆ టైర్లతో నేను కూడా కొండ ఎక్కను. గాడులు నిండుగా ఉన్న టైర్లయితే మాత్రం నా మాట మీదే ఉంటాను.

హేమంత:
మీ మాట మీద నిక్షేపంగా ఉండండి. దిగేటప్పుడు నా కారు వెనక మాత్రం రాకండి.

దారిబత్తెం:
నాలుగూ వింటర్ టైర్లే వేయిస్తున్నాం. బావగారి చివరి సందేహం, మంచులో పట్టు కోసం గాలి తగ్గించాలా?

గ్రీజు చేతులు:
వద్దు. మెత్తటి ఇసుకలో చేసే పని అది. చలికి గాలి దానంతట అదే తగ్గుతుంది, ప్రతి 5, 6 డిగ్రీలకు ఇంచుమించు ఒక పీఎస్ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే ప్రమాణం). వెచ్చటి షెడ్డులో 20 డిగ్రీల దగ్గర సరిగ్గా నింపినా, మైనస్ 10 చలిలోకి వెళ్ళేసరికి 5 పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. కొండ ఎక్కే రోజు ఉదయం, బండి కదలకముందే కొలిచి, డ్రైవరు తలుపు చట్రం మీద రాసిన అంకెకు తెచ్చుకోండి. కొత్తగా బిగించిన చక్రాల నట్లు 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్ళీ బిగించి చూడాలి. మొదటి రోజంతా పెద్ద రహదారే అన్నారు కాబట్టి ఆ పని అక్కడే ఎక్కడైనా ఆగినప్పుడు చేయించుకోండి.